కోలార్ సైనైడ్ దిబ్బలు, పాత ఫోన్లు, భూమిలోని రాగి: తవ్వితే ఎవరికి గిట్టుబాటు?

#1 దిబ్బరొట్టె (కుప్పం)

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో మూతపడిన బంగారు గనుల పక్కన పేరుకుపోయిన 13 మట్టి దిబ్బలను మళ్లీ శుద్ధి చేయాలన్న కేంద్రం ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్న సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వెయ్యి ఎకరాల పైన పరుచుకున్న దిబ్బలవి. మట్టి మొత్తం సుమారు 3.3 కోట్ల టన్నులు. టన్నుకు 0.7 గ్రాము వేసుకున్నా 23 టన్నుల బంగారం. గ్రాము పది వేలు దాటిన రోజుల్లో అది ఇరవై మూడు వేల కోట్ల సొత్తు!

నాకు రెండు సందేహాలు. ఇంత సొత్తు కళ్లెదుట ఉండగా ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు ముట్టుకోలేదు? రెండోది, ఇలాగే మన ఊళ్లలో పారేసిన సామాన్లలో, చెత్త గుట్టల్లో, రోడ్ల కింద పాతిన తీగల్లో ఎంత విలువ పడి ఉందో ఎవరైనా లెక్క కట్టారా? తెలిసినవారు చెప్పండి. పత్రికల్లో చదివిన వార్తల కంటే చేతులు మురికి చేసుకున్నవారి మాట కావాలి.

#2 లోహశాస్త్రి (విశ్రాంత మెటలర్జిస్టు)

మీ ఇరవై మూడు వేల కోట్లు మట్టిలో ఉన్న బంగారం ధర. చేతికొచ్చే బంగారం ధర వేరు.

ముందు ఆ దిబ్బలు ఎలా పుట్టాయో చూద్దాం. గని నుంచి తెచ్చిన రాయిని మిల్లులో పొడి చేసి, మొదట్లో పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించేవారు. ముతక బంగారం పాదరసానికి అంటుకునేది, సన్నదంతా మట్టితో పోయేది. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు బంగారాన్ని సైనైడ్ నీళ్లలో కరిగించి తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక ఆ సన్న బంగారం కూడా చిక్కడం మొదలైంది. కోలార్‌లో 1880 నుంచి 2001 వరకు సుమారు 800 టన్నుల బంగారం తీశారు. అంటే ఈ దిబ్బలు ఒకసారి, కొన్నిచోట్ల రెండుసార్లు, పిండేసిన పిప్పి. ఇప్పటికీ అందులో ఉన్న బంగారం ఉండడానికి కారణం ఉంది. కొంత గంధకపు ఖనిజాల గింజల లోపల ఇరుక్కుని ఉంది, కొంత పలుగురాయి రేణువుల నడుమ ఉంది. సైనైడ్ నీళ్లు దాన్ని తాకలేకపోయాయి. దాన్ని విడిపించాలంటే మట్టిని ఇంకా మెత్తగా రుబ్బాలి. రుబ్బడమంటే కరెంటు. ఈ పనిలో సగం దక్కితే సంతోషించాలి.

అయితే మరో పక్క కూడా చూడాలి. మూడు కిలోమీటర్ల లోతుకు బావి దించి, రాయి పేల్చి, పైకి తోడి, పొడి చేసే ఖర్చంతా మన ముత్తాతల కాలంలోనే ఎవరో పెట్టేశారు. ఇప్పుడు మట్టి నేల మీదే ఉంది, పొడిగా ఉంది. అందుకే గనిలో నవ్వులపాలయ్యే శాతం దిబ్బలో వ్యాపారమవుతుంది. దక్షిణాఫ్రికా చూడండి. జొహానెస్‌బర్గ్ చుట్టూ ఉన్న పాత గని దిబ్బలను డీఆర్‌డీ గోల్డ్ అనే కంపెనీ ఏళ్ల తరబడి కడుగుతోంది. పెద్ద గొట్టాలతో నీటిధార కొట్టి దిబ్బను బురదగా కరిగిస్తారు, ఆ బురదను పైపుల్లో కర్మాగారానికి పంపుతారు, అక్కడ సైనైడ్, బొగ్గు గుళికలతో బంగారం పడతారు. వాళ్లకు దక్కేది టన్నుకు 0.2 గ్రాముల దగ్గరే. అయినా నిలబడ్డారంటే నెలకు పది లక్షల టన్నులకు పైగా కడుగుతారు కాబట్టి. ఆ నగరంలో టాప్ స్టార్ అని ఒక దిబ్బ నెత్తిన కార్లలో కూర్చుని సినిమా చూసే థియేటర్ ఉండేది. బంగారం కోసం ఆ దిబ్బనూ కరిగించేశారు.

కోలార్ మొత్తం 3.3 కోట్ల టన్నులు. జొహానెస్‌బర్గ్ వేగంతో కడిగితే మూడేళ్లకే అయిపోతుంది. అంత చిన్న పనికి అంత పెద్ద కర్మాగారం ఎవరు కడతారు? చిన్నది కడితే టన్ను ఖర్చు పెరుగుతుంది. ఇన్నేళ్ల జాప్యంలో కోర్టులు, కేంద్ర రాష్ట్రాల లావాదేవీలు ఉన్నమాట నిజమే కానీ, అడుగున ఈ లెక్క కూడా ఉంది.

#3 పెరుగన్నం

వేల్స్‌లోని న్యూపోర్టులో ఒకాయన 8,000 బిట్‌కాయిన్ల తాళం ఉన్న హార్డు డిస్కు చెత్తలో పోయిందని, ఊరి చెత్తకుప్ప తవ్వనివ్వమని పదేళ్లు మున్సిపాలిటీతో పోరాడాడు. 2025 జనవరిలో హైకోర్టు కొట్టేసింది. కోలార్ వాళ్లు నయం, కనీసం ఏ దిబ్బలో ఉందో తెలుసు.

#4 మారికుప్పం మనిషి

ఆ దిబ్బల నీడలో పెరిగినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు. మా తాత చిత్తూరు వైపు నుంచి గనిలో కూలికి వచ్చాడు. మా నాన్న చాంపియన్ రీఫ్ గనిలో పని చేశాడు. మా వీధిలో తమిళం, తెలుగు, కన్నడం కలిసే వినిపించేవి. గని లోపలి రాయి ముట్టుకుంటే వేడిగా ఉండేదని నాన్న చెప్పేవాడు.

పత్రికల్లో ఆ దిబ్బలను బంగారు కొండలని రాస్తారు. మాకవి దుమ్ము. జూన్, జులై గాలులకు లేచి వచ్చి బిందెల్లో, కంచాల్లో, ఆరేసిన బట్టల మీద పడేది. తడి గుడ్డతో తలుపు సందులు మూసుకునేవాళ్లం. వాన పడితే ఆ దిబ్బల మీద నీటి కోతలు పడి చిన్న చిన్న లోయల్లా తయారవుతాయి. చూడ్డానికి బాగుంటుందని ఇప్పుడు ఫొటోలకు వస్తున్నారు. ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు, రండి కానీ ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

లోహశాస్త్రి గారిని ఒక్కటే అడుగుతాను. 3.3 కోట్ల టన్నుల్లోంచి 23 టన్నులు తీస్తే మిగిలేది ఎంతండీ? మళ్లీ 3.3 కోట్ల టన్నులే కదా! అది ఎక్కడ పోస్తారు?

#5 లోహశాస్త్రి

అసలు ప్రశ్న మీరడిగారు. జొహానెస్‌బర్గ్‌లో నగరం నడుమ ఉన్న దిబ్బలను కరిగించి, కడిగిన బురదను ఊరవతల బ్రాక్‌పాన్ దగ్గరి పెద్ద నిల్వ ప్రాంతంలో పోస్తున్నారు. దిబ్బ మాయం కాలేదు, చోటు మారింది. అయితే కొత్త చోట అడుగున కట్టుదిట్టం, పైన గడ్డి, నీటి నిఘా ఉంటాయి. ఖాళీ అయిన పాత చోటు నగరం నడిబొడ్డున ఉండే భూమి. నా లెక్కలో కోలార్ పథకానికి న్యాయం చేకూర్చగలిగేది ఈ రెండో భాగమే: దుమ్ము లేకుండా చేసి, వెయ్యి ఎకరాలు తిరిగివ్వడం. బంగారం ఆ పని ఖర్చులో కొంత భరించాలి. టెండరులో ముందు ఆ మాట రాసుంటే మేలు, తర్వాత ఎవరూ రాయరు.

ఇంకో మాట. సైనైడ్ దిబ్బ అనగానే జనం సైనైడ్‌కు భయపడతారు. అది ఎండకూ గాలికీ ఏళ్ల మీద విరిగిపోతుంది. ఊపిరితిత్తుల్లో చేరేది సన్న సిలికా దుమ్ము. కొన్నిచోట్ల ఆర్సెనిక్ కూడా. మీ తడి గుడ్డ సరైన పనే చేసింది.

#6 నగానో నాగమణి (జపాన్)

నేనుండే నగానో రాష్ట్రంలో ఒక విచిత్రం జరిగింది, 2009లో పత్రికల్లో మారుమోగింది. సువా సరస్సు పక్కనున్న మురుగునీటి శుద్ధి కేంద్రంలో బురదను కాల్చితే వచ్చిన బూడిదలో టన్నుకు 1,890 గ్రాముల బంగారం తేలింది. జపాన్‌లో పేరున్న హిషికారి గనిలో ఖనిజం టన్నుకు 20 నుంచి 40 గ్రాములు. చుట్టుపక్కల గడియారాలు, సూక్ష్మ పరికరాలు తయారుచేసే కర్మాగారాలు ఎక్కువ, అక్కడి పూతపని నీళ్లు కాలువలో కలిసేవి. అదీ రహస్యం.

ఇక్కడ దీన్ని 'నగర గని' అంటారు. 1980లలో తొహోకు విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ నాన్‌జో వాడుకలోకి తెచ్చిన మాట. 2008లో ఇక్కడి జాతీయ పదార్థ విజ్ఞాన సంస్థ లెక్క కట్టి, జపాన్‌లోని పాత సామాన్లలో 6,800 టన్నుల బంగారం ఉందని, అది ప్రపంచ నిల్వల్లో దాదాపు 16 శాతమని చెప్పింది. టోక్యో ఒలింపిక్స్‌కు పతకాలన్నీ పాత ఎలక్ట్రానిక్ సామాన్ల లోహంతోనే చేశారు. 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి వరకు 78,985 టన్నులు పోగుచేసి, 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు తీశారు. మా మున్సిపల్ ఆఫీసులో పెట్టిన పసుపు డబ్బాలో నేనూ ఒక ఫోను వేశాను. పతకంలో నా పాలు ఎంతో తెలియదు కానీ క్రీడలు చూస్తున్నప్పుడు గర్వంగానే ఉంది.

#7 లోహశాస్త్రి

నాగమణి గారూ, మీ సంతోషాన్ని చెడగొట్టాలని కాదు. 32 కిలోలను 78,985 టన్నులతో భాగించి చూడండి. టన్నుకు 0.4 గ్రాము. కోలార్ దిబ్బ కంటే తక్కువ! చిన్న గృహోపకరణాలు కూడా ఆ కుప్పలో ఉన్నాయి కాబట్టి అలా పలచబడింది. ఫోన్లను విడిగా తీస్తే చిత్రం మారిపోతుంది. పది లక్షల పాత ఫోన్లలో 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 16 టన్నుల రాగి, 15 కిలోల పల్లేడియం ఉంటాయని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా. అంటే ఫోనుకు 34 మిల్లీగ్రాములు. సువా బూడిద కథ కూడా ఇదే చెబుతోంది: ఒక పరిశ్రమ మురుగు ఒకే కాలువలోకి వచ్చింది, తర్వాత కొలిమి దాన్ని బూడిదగా కుదించింది. స్విట్జర్లాండ్ వాళ్లు 2017లో దేశం మొత్తం మురుగులో ఏటా 43 కిలోల బంగారం పోతోందని తేల్చారు. తేల్చి ఊరుకున్నారు. టిచీనో ప్రాంతంలో బంగారం శుద్ధి చేసే కర్మాగారాల పక్కన ఒకటి రెండు చోట్ల తప్ప తీయడం దండగని వాళ్లే చెప్పారు.

విలువైనది పోగుపడి ఉన్నదా, చెల్లాచెదురుగా ఉన్నదా, అంతే తేడా.

#8 ఆకురాయి (ప్రొద్దుటూరు)

లోహశాస్త్రి గారి చివరి వాక్యం మా వీధిలో పిల్లలకు కూడా తెలుసు. మాది తరతరాల కంసాలి పని. ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను ఒక్క గింజ కూడా పోనివ్వం. ఒడిలో తోలు పరుచుకుని కూర్చుంటాం, పని అయ్యాక కుంచెతో ఊడ్చి డబ్బీలో వేస్తాం, చేతులు కడిగిన నీళ్లు వేరే తొట్టిలో పోస్తాం. కాళ్లు తుడుచుకునే గోనెపట్టా పాతబడితే పారేయం, కాల్చి ఆ బూడిద దాచుకుంటాం. పాత మూసలు, కుంపటి బూడిద, మెరుగుపెట్టే యంత్రం దగ్గరి దుమ్ము, ఇవన్నీ ఏడాదికోసారి అమ్ముడుపోతాయి. ఇంత జాగ్రత్త పడ్డా కొంత గాలికి, కొంత చెప్పుల అడుగుకు అంటుకుని వీధిలోకి పోతుంది.

ఆ వీధిలోకి పోయినదాని కోసం బతికేవాళ్లు ఉన్నారు. తెల్లవారకముందే కొట్ల ముందు ఊడ్చి మట్టి ఎత్తుకుపోతారు. మురికికాలువ అడుగున చెయ్యి పెట్టి ఒండ్రు తీస్తారు. జల్లెడ పట్టి, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి గుండ్రంగా తిప్పుతుంటే తేలిక మట్టి అంచు మీదుగా పోతుంది, బరువైనది అడుగున నిలుస్తుంది. ఇసుక కంటే బంగారం ఏడు రెట్లు బరువు కదా. అడుగున మిగిలిన నల్లటి పొడిలో పాదరసం వేసి పిసికితే బంగారం దాన్ని పట్టుకుంటుంది. గుడ్డలో పిండి, మిగిలిన ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పీల్చేవాళ్ల చేతులు తర్వాత్తర్వాత వణుకుతాయి. చూశాను కాబట్టి చెబుతున్నాను.

కొన్ని కొట్ల వాళ్లు తమ వాకిలి ఊడ్చుకునే హక్కును కూడా ఏడాదికి ఇంతని ఇస్తారు. ఆ బేరం చూస్తే తెలుస్తుంది, ఏ వాకిట్లో ఎంత రాలుతుందో ఊడ్చేవాళ్లకు యజమాని కంటే బాగా తెలుసు. ఇప్పుడు చాలా కొట్లలో నగలు బయట కర్మాగారాల నుంచి వస్తున్నాయి, వాకిట్లో ఆకురాయి పడదు. అలాంటి కొట్టు ఎంత పెద్ద అద్దాల మేడైనా సరే, దాని ముందు మట్టికి విలువ లేదు.

మొదటి పోస్టులో అడిగారు, పారేసినదాంట్లో ఎంత విలువ ఉందో ఎవరైనా లెక్క కట్టారా అని. కట్టారు. కాగితం మీద కాదు, అంతే.

#9 హైటెక్ హరి

అందరూ కష్టాలే చెబుతున్నారు. నేను యూట్యూబులో చూశాను, పాత కంప్యూటర్ బోర్డులు కొని ఇంట్లోనే ఆమ్లంలో వేస్తే సాయంత్రానికి బంగారం అడుగున పేరుకుంటోంది. బోర్డులు కిలోల లెక్కన దొరుకుతున్నాయి. మేడ మీద ఖాళీ చోటు ఉంది. మొదలుపెడదామా అనుకుంటున్నాను. ఎవరైనా ఏ ఆమ్లం ఎంత పాళ్లలో కలపాలో చెప్పగలరా?

#10 మోడరేటర్

ఆమ్లాల పాళ్లు, కొనే చోట్లు ఇక్కడ రాయకూడదు. రాసిన రెండు జవాబులు తొలగించాను.

#11 ఆటోనగర్ తుక్కు (విజయవాడ)

హరి గారూ, ఆ పని చేసినవాళ్లను చూసినవాణ్ని. నైట్రిక్ ఆమ్లం నుంచి ఎర్రటి పొగ వస్తుంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు వచ్చి తగ్గిపోతుంది, మనిషి బాగానే ఉన్నాననుకుంటాడు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మీ మేడ పక్కన పిల్లలు ఆడుకుంటారా లేదా ఆలోచించుకోండి. వాడిన ఆమ్లం ఎక్కడ పారబోస్తారు? కాలువలోనే కదా.

పోనీ డబ్బు సంగతే మాట్లాడదాం. పెరటి పద్ధతిలో బోర్డులోని బంగారంలో పావు వంతు చిక్కితే ఎక్కువ. పెద్ద కొలిమిలో అయితే 95 శాతం దాకా వస్తుంది. ఆమ్లంలో మీకు బంగారం ఒక్కటే కనిపిస్తుంది, పల్లేడియం, తగరం నీళ్లలో పోతాయి. బెల్జియంలో హోబోకెన్ అనే ఊళ్లో యూమికోర్ కర్మాగారం ఒకే సరుకులోంచి 17 లోహాలు తీస్తుంది. మంచి రకం బోర్డులు మన దేశం నుంచి కూడా అలాంటి చోట్లకే పోతుంటాయి. వాళ్లు ముందు నమూనా తీసి పరీక్షించి, గ్రాముల్లో తేల్చి, దాని మీద ధర కడతారు. మీరు కిలోకు ఇంతని కొన్న బోర్డులు మీ దాకా రాకముందే రెండు చేతులు మారాయి. అందులో పనికొచ్చే రకం చిప్పులు ఊడబెరికాకే మీకు అమ్ముతారు. తుక్కు లోకంలో అమాయకులెవరూ లేరు, కొత్తగా వచ్చినవాళ్లు తప్ప.

మా దగ్గర విలువైనది కారు పొగగొట్టంలో ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత. కారుకు కొద్ది గ్రాములే, కానీ గ్రాము ధర తెలుసు కదా. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు అవి తప్పనిసరి చేసినప్పటి నుంచి ఈ సరుకు మొదలైంది. మొదట్లో ఇనుముతో కలిపి తూకం వేసేసేవారు. ఇప్పుడు దిమ్మ మీది నంబరు చూసి ధర చెబుతారు. బండి నడుస్తుంటే ఆ పూత పొడిపొడిగా రాలి రోడ్డు మీద పడుతుంది. ఇంగ్లండులో వియోలియా కంపెనీ రోడ్లు ఊడ్చిన దుమ్ములోంచి దాన్ని తీసే ప్రయత్నం చేసింది. మన రోడ్ల దుమ్ములో మట్టి పాలు చూస్తే ఆ కంపెనీ గుండె ఆగిపోతుంది.

#12 హైటెక్ హరి

సరే, ఆమ్లం మానేశాను. అయినా ఒక మాట. ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పుడితే, లెక్క ప్రకారం సేకరించి శుద్ధి చేసింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. మిగతాదంతా పోయినట్టే కదా? మీరేమో అన్నీ ఎవరో తీసేసుకున్నారంటున్నారు.

#13 ఆటోనగర్ తుక్కు (విజయవాడ)

లెక్కలోకి రాకపోవడం వేరు, పోవడం వేరు. మన దేశంలో ఫ్రిజ్ ఏదైనా చెత్తకుండీలో చూశారా ఎప్పుడైనా? కంప్రెసర్‌లో రాగి ఉంది, అది ఇంటి గడప దాటకముందే బేరం కుదురుతుంది. ఇబ్బంది ఏమిటంటే తీగల మీది ప్లాస్టిక్ కాల్చి రాగి తీస్తారు, గ్యాసు గాలికి వదిలేస్తారు, గాజు, నురుగు కాలువ గట్టున పారబోస్తారు. విలువ పోదు, విషం మాత్రం మిగులుతుంది.

#14 లోహశాస్త్రి

నేనొకటి కలుపుతాను. హైదరాబాద్ చర్లపల్లిలో సీమెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ బోర్డులను ముందు వేడితో విడగొట్టి, తర్వాత లోహాలు తీసే పద్ధతిని మన దేశపు చిన్న కర్మాగారాలకు సరిపడేలా రూపొందించింది. పద్ధతి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కొత్త నిబంధనల్లో తయారీదారు తన అమ్మకాల మేరకు శుద్ధి అయిన సరుకుకు ధ్రువపత్రాలు కొనుక్కోవాలి. ఇప్పుడు కావలసింది సరుకు. తుక్కు దుకాణం నుంచి ఆ కర్మాగారానికి బోర్డులు చేరాలంటే, పెరట్లో ఆమ్లం పోసేవాడు ఇచ్చే ధర కంటే ఎక్కువ ఇవ్వాలి. ఆమ్లం వాడికి పన్ను లేదు, శుద్ధి ఖర్చు లేదు, ఆసుపత్రి ఖర్చు కూలివాడిదే. ఈ పోటీలో చట్టాన్ని పాటించేవాడు ఎప్పుడూ వెనకబడతాడు.

#15 పురపాలక సహాయకుడు

నేను మున్సిపల్ ఇంజినీరును, ఊరు చెప్పను. చెత్త గుట్టల తవ్వకాన్ని బయోమైనింగ్ అంటున్నారు కాబట్టి జనం అందులో ఏదో గని ఉందనుకుంటారు. జరిగేది ఇది. గుట్టను పొరలుగా కదిలించి వరసలు పోస్తాం, సూక్ష్మజీవుల ద్రావణం చల్లి కొన్నాళ్లు తిరగేస్తూ ఆరబెడతాం, తర్వాత ట్రామెల్ అనే గుండ్రటి జల్లెడలో వేస్తాం. సన్నటి మట్టి ఒకవైపు, ప్లాస్టిక్ గుడ్డపీలికలు ఒకవైపు, రాళ్లు పెంకులు ఒకవైపు వస్తాయి. దాదాపు సగం మట్టే. ప్లాస్టిక్ పీలికలు సిమెంటు కర్మాగారాల కొలిమికి పోతాయి, మనమే లారీ కిరాయి పెట్టుకుని పంపాలి. లోహం? వంద టన్నుల్లో ఒక టన్ను కూడా ఉండదు. అయస్కాంతపు బెల్టు దగ్గర నిలబడ్డవాడు రోజంతా ఆవలిస్తాడు.

పై పోస్టులు చదివాక కారణం మరోసారి చెప్పనక్కర్లేదనుకుంటాను. మన చెత్త గుట్టకు చేరేది ఇంటివాళ్లు, పాత సామాన్లవాళ్లు, చెత్త ఏరేవాళ్లు, ముగ్గురూ వద్దన్నది. విదేశాల్లో పాత గుట్టల్లో అల్యూమినియం డబ్బాలు దొరుకుతాయట, మన దగ్గర దొరకవు.

ఆ మట్టి గురించి కూడా చెప్పాలి. ఎరువని రైతులకు ఇచ్చేయమని ఒత్తిడి వస్తుంది. దాంట్లో ఉప్పులు, గాజు పొడి, సీసంలాంటి లోహాలు ఉంటాయి. తినే పంటలకు వేయకూడదు. పల్లపు స్థలాలు పూడ్చడానికి, రోడ్డు గట్టులకు పనికొస్తుంది, అదీ పరీక్ష చేయించాకే.

మరి ఎందుకు తవ్వుతున్నాం? స్థలం కోసం. ఇందోర్‌లో 2018లో 13 లక్షల టన్నుల పాత చెత్తను కొద్ది నెలల్లో తీసేసి సుమారు 100 ఎకరాలు తిరిగి తెచ్చుకున్నారు. వాళ్లు యంత్రాలు అద్దెకు తీసుకుని తామే నడిపారు. టన్నుకు ఇంతని కాంట్రాక్టుకు ఇచ్చిన చోట్ల ఖర్చు ఎన్నో రెట్లు. 2021లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ నిధులతో మన రెండు రాష్ట్రాల్లో పనులు ఇలాగే సాగుతున్నాయి. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో మాత్రం దారి వేరు. కోటి టన్నులకు పైగా ఉన్న ఆ గుట్టను కదపకుండా పైన పొరలు పరిచి మూత వేశారు, పక్కనే చెత్తతో కరెంటు తీసే కేంద్రం 2020లో మొదలైంది. అంత గుట్టను తవ్వి జల్లెడ పట్టాలంటే ఖర్చెంతో ఊహించండి. మూత వేస్తే వాసన తగ్గింది, కానీ కింది నీటిని ఎన్నాళ్లు కాపలా కాయాలో చెప్పేవారు లేరు. నా ఉద్యోగకాలంలో అయితే కాదు.

#16 పెరుగన్నం

ఇప్పటిదాకా తేలింది: బంగారు కొండలో బంగారం లేదు, చెత్త గుట్టలో ఇనుము లేదు. రాగి వంతు ఎవరిది?

#17 జాయింటర్ మావయ్య (విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి)

రాగి వంతు నాది. ముప్పై ఏళ్లకు పైగా గోతుల్లో కూర్చుని తీగలు అతికినవాణ్ని. కొత్తతరానికి తెలియదు, ఒక్కో ఇంటి ఫోనుకు రెండు రాగి తీగలు ఎక్స్‌ఛేంజి దాకా వెళ్లేవి. మొదట కాగితం చుట్టి పైన సీసం తొడిగిన కేబుళ్లు, తర్వాత లోపల జెల్లీ నింపిన ప్లాస్టిక్ కేబుళ్లు. ఆ జెల్లీ చేతికి అంటితే కిరసనాయిలుతో తప్ప పోయేది కాదు.

లెక్క నేనే కట్టాను. అర మిల్లీమీటరు రాగి తీగ కిలోమీటరుకు 1.76 కిలోలు తూగుతుంది. జత మూడున్నర కిలోలు. వంద జతల కేబుల్లో కిలోమీటరుకు 350 కిలోల రాగి. ఎక్స్‌ఛేంజి ముందు వేసే 1,200 జతల కేబుల్లో అయితే నాలుగు టన్నుల పైన! ఫైబరు వచ్చాక అవన్నీ మూగబోయి భూమిలోనే ఉన్నాయి. చాలాచోట్ల వేలం వేసి తీయిస్తున్నారు కూడా.

కానీ తీయడం చూడండి. పైపుల్లో వేసిన కేబుల్ అయితే రెండు మ్యాన్‌హోళ్ల మధ్య కోసి వించితో లాగితే వస్తుంది, పూడిక లేకపోతే. నేరుగా మట్టిలో పాతినదానికి మీటరు లోతు తవ్వాలి. దాని మీద మంచినీళ్ల పైపు, కరెంటు కేబుల్, గ్యాసు గొట్టం, నాలుగుసార్లు పోసిన తారు. పటం చూస్తే ఒకచోట ఉంటుంది, నేలలో మరోచోట ఉంటుంది. రోడ్డు తవ్విన తర్వాత మళ్లీ వేయడానికి మున్సిపాలిటీకి కట్టే రుసుముతో రాగి లాభం హరించుకుపోతుంది. చిన్న కేబుళ్లకు అయితే ఆశే పెట్టుకోవద్దు.

ఒక్క దారి ఉంది. రోడ్డు విస్తరణకో డ్రైనేజికో ఎలాగూ తవ్వుతారు. ఆ రోజు పాత కేబుల్ కూడా తీసేయాలని ఆ పని ఒప్పందంలోనే రాయాలి. ఇప్పుడు జరిగేది ఏమిటంటే జేసీబీ వాడు పంటితో తెంపుతాడు, సాయంత్రానికి ముక్కలు మాయం. దొంగలు మాత్రం తీరికగా ఎర్ర కోన్లు పెట్టి, పచ్చ జాకెట్లు వేసుకుని, పట్టపగలే లాక్కుపోతారు. దారినపోయేవాళ్లు శాఖ మనుషులనే అనుకుంటారు. మా ఈడు వాళ్లను అడిగితే పని తీరు చూసి దొంగ ఎవరో చెప్పేస్తాం: శాఖ మనిషి అంత హడావిడిగా పనిచేయడు.

#18 నగానో నాగమణి (జపాన్)

మావయ్య గారి మాటే స్వీడన్ పరిశోధకులదీ. లింషోపింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు నోర్షోపింగ్ అనే ఊళ్లో వాడుక పోయిన తీగలు, గొట్టాలు భూమిలో ఎంత ఉన్నాయో మ్యాపుల మీద తేల్చారు. వాటి కోసమే తవ్వితే గిట్టదు, వేరే పనికి తవ్వినప్పుడే తీసుకోవాలని వాళ్లూ అన్నారు.

#19 గద్వాల కోడలు

చర్చ మధ్యలో ఇంటి సంగతి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా వీధిలోకి 'పాత పట్టుచీరలు కొంటాం' అంటూ ఒకతను వస్తున్నాడు. మా అత్తగారి పెళ్లినాటి చీర చిరిగి పిగిలిపోయింది, కట్టడానికి రాదు. అంచు జరీ ఇంకా మెరుస్తోంది. అతను చీర మొత్తానికి ఒక ధర చెప్పాడు. అది తక్కువో ఎక్కువో ఎలా తెలుస్తుంది?

#20 ఆకురాయి (ప్రొద్దుటూరు)

తప్పక అడగాల్సిన మాట అమ్మా, ఇది కూడా ఈ చర్చే. పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారం మీద చుట్టిన వెండి తీగ, పైన పల్చటి బంగారు పూత. బరువులో సగానికి పైగా వెండి, బంగారం ఒక శాతం లోపే. కాబట్టి బంగారం పేరు చెప్పి మీరు ఎక్కువ ఆశించకూడదు, బంగారం లేదని చెప్పి అతను వెండిని మింగకూడదు.

మొదట ఒక జరీ పోగు లాగి గోటితో గీకండి. లోపల ఎర్రదారం, దాని మీద తెల్లగా మెరిసే లోహం కనిపిస్తే అసలుది. ఎర్రటి రాగి కనిపిస్తే సగం జరీ. ప్లాస్టిక్‌లా సాగితే ఇమిటేషన్, దానికి విలువ లేదు. తర్వాత అంచు, కొంగు మాత్రం కత్తిరించి చిన్న త్రాసులో తూచండి. పట్టు బరువుకు ధర కట్టనివ్వకండి, కట్టించుకోకండి. తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లి మీ ఎదురుగానే కాల్చి కరిగించమనండి. దారం బూడిదై వెండి ముద్ద మిగులుతుంది. దాన్ని తూచి, పరీక్ష చేసి, ఆ రోజు వెండి ధరకు తరుగు తీసి ఇస్తారు. కరిగించినందుకు కూలి విడిగా అడుగుతారు, అది న్యాయమే.

వీధిలోకి వచ్చేవాడు వంద చీరలు పోగుచేస్తే గానీ అతనికి గిట్టదు, అందుకే మీకు తక్కువ చెబుతాడు. ఒక్క చీర అయితే తేడా వందల్లోనే ఉంటుంది. ఇంట్లో మూడు నాలుగు ఉంటే మాత్రం కంసాలి దగ్గరికి వెళ్లడమే మేలు.

#21 మోడరేటర్

జరీ మీద ఇంకా చాలామంది అడుగుతున్నారు కాబట్టి #19 నుంచి చీరల విభాగంలో వేరే చర్చగా కూడా పెట్టాను. దిబ్బలు, కేబుళ్ల గురించి రాసేవారు ఇక్కడే కొనసాగించండి.

#22 మారికుప్పం మనిషి

మంచిది. లోహశాస్త్రి గారూ, కడిగిన మట్టిని పాత గని బావుల్లోకే తిరిగి నింపవచ్చు కదా? ఎప్పుడో నీళ్లు నిండిపోయాయి కానీ, అంత ఖాళీ ఊరికే ఉంది. మా వాళ్లంతా అడిగే ప్రశ్న ఇదే.

#23 లోహశాస్త్రి

నింపవచ్చు, కొంతవరకు. రాయి పొడి అయ్యాక ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి తీసినదంతా తిరిగి పట్టదు. మరో చిక్కు, నిండిన నీటిని ముందు తోడాలి, ఆ నీళ్లను ఎక్కడికి వదలాలో తేల్చాలి. దిబ్బకు దగ్గరి బావులు, తక్కువ లోతు తవ్వకాల వరకైతే ఆలోచించదగ్గదే. ఏ బావి గోడలు ఇంకా గట్టిగా ఉన్నాయో పాత పటాల కంటే మీ నాన్నగారి తరం వాళ్లకే బాగా తెలుసు. సర్వేకు వచ్చినవాళ్లు వాళ్లను కలిశారా?

#24 మారికుప్పం మనిషి

ఇంతవరకు ఎవరూ రాలేదు.